వంతు చేసినవాళ్ళకే మాట

ముందుగా ఒక అబద్ధాన్ని పక్కన పెట్టాలి. చేవెళ్ల దగ్గర ఒక పేదల వాడ ఉందనీ, అక్కడ పిల్లలు మట్టిలో పొర్లుతుంటే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ జాలిపడి ఆ వాడని దత్తత తీసుకుని అద్దంలా చేసేసిందనీ హైదరాబాదులో ఒక కథ తిరుగుతోంది. మా చెల్లెలి భర్త ఆ కంపెనీలోనే ఉద్యోగి కాబట్టి ఆ కథని నాకు ఉప్మాతో పాటు వడ్డించాడు. పత్రికలో పడిన ఫోటో కూడా చూపించాడు. ఒకే రంగు టీషర్టులు తొడుక్కున్న కుర్రాళ్ళూ అమ్మాయిలూ కుంచెలు పట్టుకుని, రంగులేసిన గోడ ముందు పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నారు.

"ఒక్క శనివారంలో ఎంత మార్పో చూశారా వదినగారూ!" అన్నాడు.

"గోడ మారింది, కనపడుతోంది. మిగతా ఆరు రోజులూ ఆ పిల్లల్ని ఎవరు చూశారు?" అన్నాను.

అతను ఉప్మాలో జీడిపప్పు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

ఆ ఫోటోలో కుడివైపు చివర, సగం తెగిపోయి, ఒకావిడ ఉంది. చంకలో ఒక పిల్ల, కొంగు పట్టుకుని ఇంకో పిల్ల. ఆవిడ మాత్రం నవ్వడం లేదు. "ఈవిడెవరు?" అంటే "లోకల్స్ అండీ" అన్నాడు. నేను ఎకనామిక్స్‌లో ఎమ్మే చదివి తెనాలిలో ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని. లోకల్స్ అనే జాతి ఒకటుందని నాకు ఏ పుస్తకంలోనూ తగల్లేదు. సరే, ఆవిడ ఎందుకు నవ్వలేదో కనుక్కుందామని బయలుదేరాను. ఒక పూటలో తిరిగొద్దామనుకుంటే నాలుగు రోజులు పట్టింది.

వాడ పేరు రాయను. వాళ్ళే వద్దన్నారు. "పేరు రాస్తే ఇంకో కంపెనీ వస్తది" అని వాళ్ళ భయం.

మొయినాబాద్: మూడు రూపాయల చాయ్

వీసాల మొక్కులున్న కుర్రాళ్ళంతా గుడి మలుపులో దిగిపోయాక బస్సులో కాస్త గాలి ఆడింది. నా పక్కన తెల్లచొక్కా, రెండు సెల్‌ఫోన్లు ఉన్న ఒకాయన కూర్చున్నాడు.

"అమ్మా, జాగ చూడనీకె పోతున్నరా?"

"లేదండీ, మనుషుల్ని చూడటానికి."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "మనుషులు ఏడికి పోతరమ్మా? ఎప్పుడైనా చూడొచ్చు. జాగ పోతే మళ్ళ దొరకది."

అక్కడ నుంచి మొయినాబాద్ దాకా కిటికీలోంచి వేలు చూపిస్తూ ఏ ముక్క ఎవరిదో చెప్పాడు. ఇది డాక్టర్ గారిది, అది సినిమా ఆయనది, ఆ ప్రహరీ లోపల గుర్రాలున్నాయి. "రేటు ఎట్లున్నదంటే అమ్మా, చాయ్ తాగక ముందు ఒకటి, తాగినంక ఒకటి."

"అయితే మీరు చాయ్ మానేస్తే దేశానికి మంచిది కదా" అన్నాను.

మనిషి మంచివాడే. పడీ పడీ నవ్వి, మొయినాబాద్‌లో దిగి నాకు చాయ్ ఇప్పించాడు. మూడు రూపాయలు. గ్లాసు బొటనవేలంత ఉంది, అందులోనూ సగమే పోస్తారు. తెనాలిలో కాఫీ అంత తక్కువ పోస్తే కొట్టువాడి వంశం మొత్తాన్ని తలుచుకుంటాం. కానీ ఆ చాయ్ మరిగి మరిగి, యాలకుల వాసనతో, నాలుక మీద అరగంట నిలిచింది. ఇది ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు. అయినా రాస్తున్నాను.

చిన్న మంగళారం: బల్ల కింద నిద్ర

ఇంత దూరం వచ్చి గులాబీ తోటలు చూడకపోతే ఎలా అని షేర్ ఆటో ఎక్కాను. తోట అంటే నేను అనుకున్నది వేరు. అవి పెద్ద పెద్ద ప్లాస్టిక్ పందిళ్ళు, లోపల ఆవిరి. చేతులకి పాత గుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్ళు వరసల మధ్య వంగి మొగ్గలు కోస్తున్నారు. ఇరవై పూల కట్ట ఇరవై రూపాయలకి ఇచ్చారు. మా ఊళ్ళో పెళ్ళిళ్ళ సీజన్లో ఒక్క పువ్వుకే ఐదు రూపాయలు చెప్పి, మనం బేరమాడితే మొహం తిప్పుకుంటారు.

పూలు కట్టలు కట్టే షెడ్డులో బల్ల కింద, అట్టపెట్టె విప్పి పరిచి, దాని మీద రెండేళ్ళ పిల్లని పడుకోబెట్టారు. పైన మందు కొట్టిన ఆకుల వాసన. నాకు తల తిరిగింది.

"ఇంట్లో చూసేవాళ్ళు లేరా?" అన్నాను తల్లిని.

"ఉంటే ఈడికెందుకు తెస్తనక్కా?" అంది ఆమె కత్తెర ఆపకుండానే. "ముడిమ్యాల తొవ్వల ఒక వాడ ఉన్నదట. ఆడోళ్ళే పిల్లల ఇల్లు పెట్టుకున్నరట. పొద్దుగాల ఇడిచిపెడితే పొద్దుమీకినంక తెచ్చుకునుడే. మా దగ్గర గిట్ల ఎవరు చేస్తరు? ఒకామె జెప్తే ఇంకొకామె ఇనది."

ఈ మాట వినగానే నా సంచిలోంచి పత్రిక తీశాను. ఆమె ఫోటో చూసి, "గోడ అయితే నాకు తెల్వదు. చేవెళ్ల కూరగాయల మార్కెట్ల అడుగు. వాళ్ళు క్యారెట్ గడ్డలు ఏసుకొని వస్తరు" అంది.

చేవెళ్ల: అందరూ గుర్తుపట్టే మొహం

మర్నాడు శుక్రవారం. చేవెళ్లలో టిఫిను పూరీ, ఎనిమిది రూపాయలు. కూర ఎర్రగా ఉందని మురిసి ఒక ముద్ద పెట్టుకుంటే కళ్ళమ్మట నీళ్ళు. కారం విషయంలో గుంటూరు పక్కవాళ్ళం కదా అని నాకో పొగరు ఉండేది. అది ఆ హోటల్లోనే వదిలి వచ్చాను.

మార్కెట్‌లో క్యారెట్ గడ్డలు గుట్టలుగా పోసి ఉన్నాయి. ఒక గుట్ట వెనక కూర్చున్న ముసలాయనకి పత్రిక చూపించాను. టీషర్టుల వాళ్ళని ఆయన చూడనైనా చూడలేదు. సగం తెగిన మొహం మీద వేలు పెట్టాడు.

"మా సుగుణవ్వ కద! గిదేంది, సగమే కొట్టిండ్రు? మొత్తం పడితే పేపరు సరిపోదనా?"

వాడ: కాంటకు దేవుడు లేడు

రెండు గల్లీల వాడ. ఒక గల్లీ చివర రేకు కప్పు చర్చి, రెండో గల్లీ చివర ఎల్లమ్మ గుడి. రెండిటికీ మధ్య ఒక పొడుగాటి షెడ్డు. ఒకప్పుడు కూరగాయలు తూచే కాంటా ఇక్కడ ఉండేదట. బేరమంతా చేవెళ్లకి పోయాక పాడుబడింది. దాని ముందు గోడకే కంపెనీ వాళ్ళు రంగులేశారు. యాపిలు, ఓడ, జిరాఫీ.

షెడ్డు గుమ్మంలో ఫోటోలోని ఆవిడ నిలబడి ఉంది. ఇప్పుడు పూర్తిగా. నా ఈడే ఉంటుంది. నేను వచ్చిన పని చెప్పి, "ఫోటోలో ఎందుకు నవ్వలేదు?" అని నేరుగా అడిగేశాను.

సుగుణమ్మ పత్రిక అందుకుని ఫోటో చూసుకుంది. "ఆ దినం వాళ్ళు గోడకు రంగేస్తున్నరని పోరగాళ్ళను ఎండల నిలబెట్టిన్రు. నేను వాళ్ళ నెత్తులు లెక్కపెడుతున్న. లెక్కపెట్టేటప్పుడు నవ్వొస్తదా?" అంది. తర్వాత గోడ వైపు గడ్డం ఎత్తి, "మా పోరగాళ్ళు గడ్డల నడుమ పుట్టి గడ్డల నడుమ పెరుగుతరు. గోడ మీద యాపిలు! గడ్డ బొమ్మ ఏస్తే వాళ్ళ సొమ్మేం పోయె?"

నాకు ఆ క్షణమే ఆవిడ మీద మమకారం పుట్టింది.

తన ఇంట్లో ఒక గది కిరాయికి ఇచ్చింది, రోజుకి యాభై, జొన్నరొట్టెతో కలిపి. రొట్టె చేస్తూ కథ చెప్పింది. రెండేళ్ళ కిందట తల్లులంతా కూలికి పోయిన వేళ, ఒక పిల్ల ట్రాక్టరు వెంట నడుచుకుంటూ వెళ్ళి గడ్డలు కడిగే గుంటలో పడింది. ఎవరో చూసి జుట్టు పట్టి లాగారు. బతికింది.

"గుండు చేయించి ఉంటే పోతుండె" అంది సుగుణమ్మ.

"తర్వాత ఎవరు వచ్చి చెప్పారు, ఇలా చేయమని?"

"ఎవరు చెప్తరక్కా? గుంత చెప్పింది."

అంగన్‌వాడీ ఊరికి అవతల ఉంది. మధ్యాహ్నానికే అయిపోతుంది. కూలి మాత్రం పొద్దుగూకే దాకా. చర్చి హాల్లో పెట్టుకోండి అని పాస్టరు అన్నాడట, గుడి మండపంలో పెట్టుకోండి అని పూజారి అన్నాడట. "చర్చిల పెడితే ఆ గల్లీవాళ్ళు రారు. గుడి కాడ పెడితే ఈ గల్లీవాళ్ళు రారు. కాంటకైతే ఏ దేవుడు లేడు కద" అని ఆడవాళ్ళందరూ కలిసి ఈ షెడ్డులో చెత్త ఎత్తిపోశారు. మొగుళ్ళు మొదట నవ్వారు. తర్వాత మురికి కాలవ పక్కకి తిప్పడానికి పారలు పట్టారు. "నవ్వితే నవ్వనీ, తవ్వితే చాలు అనుకున్నం" అంది సుగుణమ్మ. కాలవ పోయాక దోమలు తగ్గాయి. గల్లీకి ఒక కుళాయి వచ్చింది. షెడ్డు వెనక మునగచెట్లు వచ్చాయి.

నడిపే పద్ధతి మాత్రం పొలంలోంచి తెచ్చుకున్నారు. ఇక్కడ కలుపుకి డబ్బులిచ్చి కూలీని పిలవలేనివాళ్ళు, ఇవాళ నీ చేనికి నేనొస్తా రేపు నా చేనికి నువ్వు రా అని పోతుంటారు. దాన్ని బదలు అంటారు. పిల్లల ఇంటికీ అదే లెక్క. రోజుకి ఇద్దరు తల్లులు కూలి మానుకుని ఇరవై ఏడు మందిని చూడాలి. అది వాళ్ళ వంతు. వంతు రోజున రాలేకపోతే ఇంకొకరు చేస్తారు, ఆ మేలు చేలో తీర్చాలి. తీర్చకుండా మూడు వంతులు తప్పితే పిల్లని తీసుకురాకూడదు.

ఇదంతా విని నేను ఊరుకుంటానా? సాయంత్రం షెడ్డు అరుగు మీద నలుగురు చేరితే సలహాలు మొదలుపెట్టాను. ఒక రిజిస్టరు ఉండాలి, టైంటేబుల్ ఉండాలి, చిన్నవాళ్ళని పెద్దవాళ్ళని వేరు చేయాలి. మూడో సలహా మధ్యలో ఉండగా బాలమణి అనే ముసలమ్మ, బోసి నోటితో తమలపాకు నలుపుతూ, "వంతు చేసినవా బిడ్డా?" అంది.

"నేనా? నాకెందుకు?"

"మరి మాట ఎట్ల ఆడుతున్నవ్?"

అది ఆ వాడ కట్టుబాటు. ఆ నెలలో వంతు చేసినవాళ్ళకే పిల్లల ఇంటి సంగతిలో నోరు తెరిచే హక్కు. సర్పంచి వచ్చినా అంతేనట. మా తెనాలిలో వేలు కదపని వాళ్ళే సభలో గంట సేపు మాట్లాడతారు. పని చేసేవాళ్ళు కుర్చీలు మడిచి పెడుతుంటారు. "రేపు నేను చేస్తాను" అన్నాను.

అరుగంతా నవ్వింది.

శనివారం: నా వంతు

ఇంకా తెల్లారకముందే ఒక అమ్మాయి నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకుని సుగుణమ్మ వాకిట్లోకి వచ్చింది. నీలం యూనిఫారం, మెడలో గుర్తింపు కార్డు. పేరు అనిత, సుగుణమ్మ చెల్లెలి కూతురు. భర్త లేడు. గచ్చిబౌలి వైపు ఒక అద్దాల మేడలో అంతస్తులు తుడుస్తుంది. తెల్లవారక ముందే వెళితే పొద్దు పోయాక వస్తుంది, వారానికి ఆరు రోజులు. పిల్ల గ్రేసి, నాలుగేళ్ళది.

అనిత పిల్లని చాప మీద పడుకోబెట్టి పెద్దమ్మ మొహం చూడకుండా వెళ్ళిపోయింది. సుగుణమ్మ కూడా తల ఎత్తలేదు. ఎందుకో, షెడ్డు దాకా వెళ్ళి తలుపు పక్కన పలక చూశాక తెలిసింది. అందులో తల్లుల పేర్లు, తప్పిన వంతులకి సుద్దగీతలు. అనిత పేరు పక్కన మూడు. తిరిగొచ్చి పొయ్యి దగ్గర అడిగాను.

"ఒక దినం మానితే అక్కడ ఇంకొకరిని పెట్టుకుంటరు. ఇక్కడ బదలు తీర్చనీకె చేనుకు రాలేదు. పైసలిస్త అన్నది. వద్దన్నం" అంది సుగుణమ్మ. "పైసలు తీసుకుంటే అది నౌకరైతది, వంతు కాదు. పైసలున్నోళ్ళు ఇచ్చి పోతుంటే లేనోళ్ళే చేసుకుంట కూసుంటరు."

"నీ సొంత చెల్లెలి బిడ్డ కదా!"

"అందుకే. నా బిడ్డని మాఫ్ చేస్తే రేపు ఎవరు వంతుకు వస్తరక్కా?" ఆవిడ గొంతు గట్టిగానే ఉంది. రొట్టె మాత్రం మాడింది.

మర్నాడు ఆదివారం కూటంలో రెండు సంగతులు తేలాలి. కంపెనీ వాళ్ళు రోడ్డు మీద పక్కా భవనం కట్టిస్తామంటున్నారు, తీసుకోవాలా వద్దా అన్నది ఒకటి. గ్రేసి సోమవారం నుంచి రావాలా వద్దా అన్నది రెండోది.

నా వంతుకి జోడీ బాలమణి. ఇరవై ఏడు మంది పిల్లలు. నేను చెప్పిన టైంటేబుల్ ఎనిమిదిన్నరకి మొదలై ఎనిమిది ముప్ఫై ఐదుకి ముగిసింది. కాకి, నక్క కథ చెబితే ఒకడు "నక్క వంతు ఎప్పుడు?" అన్నాడు. ఒకడు నా వెంకటగిరి చీర తడిపాడు. ఇద్దరు ఒక క్యారెట్టు కోసం కొట్టుకుంటే, నేను దాన్ని న్యాయంగా రెండు ముక్కలు చేశాను. చిన్న ముక్క వచ్చిందని ఇద్దరూ ఏడ్చారు. బాలమణి మాత్రం గోడకి ఆనుకుని, ఎవరు ఏడిస్తే వాళ్ళ వీపు మీద చెయ్యి వేస్తూ, మధ్యాహ్నానికి అందరికీ పచ్చిపులుసు కలిపిన అన్నం ముద్దలు పెట్టేసింది. అది చారు కాదు, పులుసు కాదు, పొయ్యి ఎక్కదు. మా అమ్మ చూస్తే వంటే కాదంటుంది. నేను మూడు ముద్దలు తిన్నాను.

నాలుగింటికి లెక్కపెట్టాను. ఇరవై ఆరు. మళ్ళీ పెట్టాను. ఇరవై ఆరే. నాకు ఆ గడ్డలు కడిగే గుంటే కళ్ళ ముందుకొచ్చింది. షెడ్డు తలుపు గడియ పెట్టడం మరిచింది నేనే.

బాలమణి లేవలేదు. "గ్రేసి లేదా? బస్టాండు కాడ సూడు" అంది.

పరిగెత్తాను. నిజంగా పరిగెత్తాను, ఈ వయసులో, ఈ బరువుతో. బస్సు ఆగే చోట సిమెంటు దిమ్మ మీద గ్రేసి కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని ఉంది.

"ఇక్కడేం చేస్తున్నావు తల్లీ?"

"మా అమ్మ బస్సు కోసం."

"అమ్మ చీకటి పడ్డాక కదా వచ్చేది?"

"ఎరకే" అంది. నా తెలివితక్కువకి చిరాకు పడినట్టు మొహం పెట్టింది. "ముందే వస్తే?"

ఆదివారం: నోరు ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు

పొద్దున కుళాయి దగ్గర అనిత బట్టలు ఉతుకుతోంది. గ్రేసి బకెట్‌లో చేతులు పెట్టి ఆడుతోంది. నేను నిన్నటి సంగతి చెప్పి తప్పు ఒప్పుకున్నాను. అనిత తిట్టలేదు. చొక్కా పిండుతూ అడిగింది.

"అక్కా, నీకు మాట దొరికింది కద?"

"దొరికింది."

"నాకు లేదు. నా మాట నువ్వు చెప్పు. పిల్లను తీసేస్తే నేను తలుపుకు తాళమేసి పోవాలె. లోపల దీన్ని పెట్టి. లేకుంటే నౌకరి ఇడవాలె. రెండే తొవ్వలు."

చర్చి అయిపోయాక, ఎల్లమ్మ గల్లీ వాళ్ళు అన్నాలు తిన్నాక, అందరూ షెడ్డులో చేరారు. గోనె సంచులు పరిచారు. వంతు చేసినవాళ్ళు వాటి మీద, తప్పినవాళ్ళు బయట. అనిత గుమ్మం అవతల పిల్లనెత్తుకుని నిలబడింది. ఆమె పక్కన కంపెనీ తరఫున వచ్చిన కార్తీక్ అనే కుర్రాడు, చేతిలో భవనం నక్షా. మా గుడివాడ వైపు యాస.

"నమస్తే అండీ, మా ప్లానింగ్ ఏంటంటే..." అని మొదలుపెట్టాడు.

"వంతు చేసినవా బాబూ?" అంది బాలమణి.

అతను నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. నా వైపు తిరిగి, "ఆంటీ, మీరైనా చెప్పండి" అన్నాడు. ఆంటీ అన్నందుకు నేనూ సాయం చేయలేదు. అతని నక్షా మాత్రం చేతులు మారుతూ గోనెల మీద తిరిగింది. రెండు గదులు, టీచరు, ఆయా, పది నుంచి నాలుగు దాకా. ముందు కంపెనీ బోర్డు, రోడ్డు మీద పోయేవాళ్ళకి కనపడేలా.

"పదింటికి తెరుస్తరా? పదింటికి మేం సగం చేను కలుపు తీస్తం" అంది ఒకామె.

"రోడ్డు మీదనా? లారీల కింద పడనీకెనా?" అంది ఇంకొకామె.

ఇప్పుడు నా వంతు. ఇక్కడ నేను చేసిన తప్పు ఉన్నదున్నట్టు రాస్తాను. అనిత అప్పజెప్పింది రెండు వాక్యాలు. నేను ఇరవై నిమిషాలు మాట్లాడాను. నియమం మనుషుల కోసమా మనుషులు నియమం కోసమా అన్నాను. అందరికంటే అవసరం ఉన్నదాన్నే బయట నిలబెట్టారు, మీకూ ఆ కంపెనీకీ తేడా ఏమిటన్నాను. మీ పలక మీద గీతల కంటే గోడ మీద యాపిలే నయం అని కూడా అన్నాను. మాట పదునుగా పడిందని నాకే ముచ్చటేసింది.

ఒకామె లేచి, "ఒక్క దినం చేసి మాకు బుద్ధి చెప్తున్నవా? నేను రెండేండ్ల సంది నెలకు రెండు దినాలు కూలి ఇడుస్తున్న. నా ఇంట్ల ఉప్పు లేని దినం కూడ వంతు ఇడువలే" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు. నాకు తల దించుకోక తప్పలేదు. వాదన నేనే గెలిచాను. గ్రేసి మాత్రం ఓడిపోయేలా ఉంది. గుమ్మం అవతల అనిత నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. రెండు ముక్కలు చెప్పమంటే ఇదా నువ్వు చేసింది అన్నట్టు.

సుగుణమ్మ పలక చేతిలోకి తీసుకుంది. అనిత పేరు మీద తడిగుడ్డ పెట్టబోయి ఆగింది. నియమం పెట్టిందీ ఆవిడే, తుడవాల్సిందీ ఆవిడే.

అప్పుడు బాలమణి తమలపాకు ఉమ్మేసి వచ్చి కూర్చుంది.

"పోరి వంతు చెయ్యనన్నదా? చెయ్యనీకె అయితలేదు అన్నది. దినం కలుస్త లేదు. దాని దినం ఏదో అడిగిన్రా ఎవరైనా?"

"దానికి ఆదివారమొక్కటే అవ్వా. ఆదివారం మనం తెరువం కద" అంది సుగుణమ్మ.

"ఎందుకు తెరువం?"

"పెట్టిన కాడి నుంచి తెరువలే."

"గులాబీకి ఆదివారం తెలుస్తదా? ఆ గల్లీవాళ్ళు చర్చికి పోతరు. ఈ గల్లీవాళ్ళు ఆదివారం కూడ కోతకు పోతుండ్రు, పోరగాళ్ళను ఎంట ఏసుకొని. మందు వాసనల పండబెడుతుండ్రు. గది సక్కగున్నదా?"

గోనెల మీద గుసగుసలు. ఎల్లమ్మ గల్లీవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇందాక నా మీద లేచినామే అందరికంటే ముందు అంది: "అట్లైతే నా ఇద్దరిని ఇడిచిపెడుత. ఆదివారం కూలి నాకు దొరుకుతది."

"అనితా, ఆదివారాలు తెరుస్తవా?" అంది సుగుణమ్మ. నిన్న పొద్దున ఆవిడ గొంతులో ఉన్న గట్టిదనం లేదు.

అనిత ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తెరుస్త పెద్దమ్మా."

తడిగుడ్డ పేరు మీద కాక మూడు గీతల మీద పడింది. అనిత గుమ్మం దాటి వచ్చి గోనె మీద కూర్చుంది.

కార్తీక్‌కి జవాబు కూడా తేల్చేశారు. భవనం వద్దు, షెడ్డుకి రేకులు మార్చి నీళ్ళ ట్యాంకు పెడితే మంచిది, బోర్డు కావాలంటే మునగచెట్టుకి కట్టుకోవచ్చు, కానీ ముందు ఒక వంతు చేసి తర్వాత మాట్లాడాలి. "ఏ రోజండీ?" అన్నాడు పాపం. మంగళవారం అన్నారు. సెల్‌ఫోనులో రాసుకున్నాడు. "లీవు పెట్టాలేమో" అని గొణుక్కున్నాడు.

తిరుగు ప్రయాణం

మూడు గంటలకి నేను సంచి సర్దుకుని షెడ్డు మీదుగా వెళ్తుంటే అనిత వంతు అప్పుడే మొదలైపోయింది. పది పన్నెండు మంది పిల్లలు ఆమె మీద ఎక్కి తొక్కుతున్నారు. ఒకడు భుజం మీద, ఒకతి ఒడిలో. గ్రేసి ఆ ఒడిలో పిల్లని రెండు చేతులతో నెట్టేస్తోంది.

"దిగు! మా అమ్మ! దిగవే!"

"అందరి అమ్మే ఇయ్యాల" అంది అనిత నవ్వుతూ. గ్రేసికి అది నచ్చలేదు. నేల మీద పడి కాళ్ళు కొట్టుకుంది.

సుగుణమ్మ బస్సు దాకా వచ్చింది. నా దగ్గర కిరాయి తీసుకుంది, గడ్డలు ఒక సంచి నిండా ఇచ్చింది, మళ్ళీ వస్తే వంతు పలక మీద నా పేరు రాస్తానంది. నేను అన్నీ ఒప్పుకున్నాను. కంపెనీ చేయలేనిది మీరు చేశారని చెప్పాను, అది నా మనసులో మాటే. హైదరాబాదు తిరిగొచ్చి మా చెల్లెలి భర్తకి గంటసేపు అదే చెప్పాను. అతను ఈసారి జీడిపప్పు వెతుక్కోలేదు, బుద్ధిగా విన్నాడు.

కానీ బస్సు కనపడినప్పుడు సుగుణమ్మని ఒక సంగతి అడిగాను. ఆవిడ దుమ్ము లేస్తున్న రోడ్డు వైపు చూస్తూ, "నాకు తెలిస్తే నీకు చెప్పకపోదునా అక్కా" అంది. తెనాలి వచ్చాక మా కాలేజీలో అడిగాను, మా వీధిలో అడిగాను. అందరూ ఆ వాడ ఆడవాళ్ళని మెచ్చుకున్నారు గానీ జవాబు చెప్పలేదు. మిమ్మల్ని కూడా అడుగుతున్నాను. ఆరు రోజులు ఆ అద్దాల మేడకి పోయాయి, ఏడోది వాడకి పోయింది. గ్రేసికి తన అమ్మ ఒక్కతే, తనకొక్కదానికే దొరికే రోజు ఏది?